నీళ్ళ పట్టీ

అత్తగారి పాదం తన ఒళ్ళోకి వస్తుందని అద్దాల మేస్త్రి ఏనాడూ అనుకోలేదు.

పెళ్ళయి పన్నెండేళ్ళు. మామగారు పోయాక ఆవిడ వీళ్ళింట్లోనే ఉంటోంది. అత్తా అల్లుళ్ళకి తగవులేమీ లేవు గానీ, ఇద్దరికీ మర్యాద ఎక్కువ. ఆ మర్యాద వల్ల మాటలు తక్కువ. ఉప్పు డబ్బా అతని మోచేతి పక్కనే ఉన్నా, ఆవిడ "అమ్మాయ్, బాబుగార్ని ఆ ఉప్పు ఇటు ఇమ్మను" అనేది. అతనూ తక్కువ తినలేదు. ఆవిడ ఎదురుగా కూర్చుని ఉండగానే "మీ అమ్మగారి గదిలో ఫ్యాను తిరుగుతోందేమో కనుక్కో" అని భార్యతో చెప్పేవాడు. "మీ ఇద్దరి మధ్యా నేను పోస్టుమ్యాన్‌నా?" అని ఆ ఇల్లాలు విసుక్కునేది.

మేస్త్రికి కిటికీలకీ తలుపులకీ అద్దాలు కోసి బిగించే చిన్న దుకాణం ఉంది. అత్తగారు ఊళ్ళో పెద్ద లాండ్రీలో ఇస్త్రీ చేసేది. పొద్దుట నిలబడితే సాయంత్రం దాకా నిలబడే ఉండాలి. వేలు తడి చేసుకుని ఇస్త్రీపెట్టె అడుగున అలా తాటించి, వచ్చిన చప్పుడును బట్టి అది పట్టుకి సరిపోయే వేడో నూలుకి సరిపోయే వేడో చెప్పేసేది. లాండ్రీలో అందరూ ఆవిడని థర్మామీటరమ్మ అనేవాళ్ళు. షుగరు ఎప్పుడు వచ్చిందో ఆవిడకే సరిగ్గా గుర్తులేదు. గుర్తున్నప్పుడు మాత్ర వేసుకునేది, లేనప్పుడు లేదు.

ఆ సాయంత్రం వాన. ఆవిడ తడిసి ముద్దయి వచ్చింది. పాదాలు రెండూ వాచిపోయి, చెప్పుల వార్లు చర్మంలోకి దిగబడి ఉన్నాయి. కూతురు చూసి నొచ్చుకుంది.

"ఉండు, వేణ్ణీళ్ళు పెడతాను. కాసేపు కాళ్ళు ముంచుకుంటే వాపు లాగేస్తుంది."

గిన్నెడు నీళ్ళు కాచి టబ్బులో పోసి, ఇన్ని చన్నీళ్ళు కలిపి తెచ్చి పెట్టింది. "చూసుకోమ్మా, వేడి సరిపోయిందా?"

తల్లి రెండు పాదాలూ ఒక్కసారే ముంచింది. "హాయిగా ఉందే," అంది.

కూతురు తన చెయ్యి పెట్టి చూడలేదు. ఎందుకు చూస్తుంది? వేడి సంగతి థర్మామీటరమ్మకి ఇంకొకరు చెప్పాలా? కాసేపయ్యాక నీళ్ళు చల్లారిపోయాయేమోనని, గిన్నెలో మిగిలినవి కూడా తెచ్చి పోసింది.

మేస్త్రి ఇంట్లోకి అడుగుపెట్టింది సరిగ్గా అప్పుడే. అత్తగారు ఏదో చొక్కా కాలరు మీద కనిపించిన పెదాల రంగు మరక గురించి, దాని యజమాని ఆ మరకని చూసి తడబడిన తీరు గురించి నవ్వుతూ చెబుతోంది. టబ్బు దారికి అడ్డంగా ఉంది. జరుపుదామని అంచు పట్టుకున్నాడు. వేళ్ళు నీళ్ళలో మునిగాయి. చురుక్కుమంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"అత్తయ్యగారూ, కాళ్ళు తీయండి!"

ఆ కేకకి ఆవిడ బెదిరింది గానీ కాళ్ళు తీయలేదు. "ఏమైంది బాబూ?" అంది. అతనే వంగి రెండు పాదాలూ పైకెత్తాడు. కుడి అరికాలి చర్మం ఊడి, తడిసిన కాగితంలా అతని అరచేతికి అంటుకుంది. ఆవిడ ఇంకా "ఏమైంది, ఏమైంది" అంటూనే ఉంది. కూతురు కెవ్వుమన్నాకే కిందికి చూసుకుంది.

ఆస్పత్రిలో కాలిన చోటంతా కడిగి కట్టుకట్టారు. డాక్టరమ్మ నడివయసు మనిషి, మాటలో తొందర లేదు. కూతురు మందుల కోసం కిందికి వెళ్ళినప్పుడు, ఒక పుల్ల చివర బిగించిన సన్నటి నైలాను దారం చేతిలోకి తీసుకుంది.

"కళ్ళు మూసుకోండమ్మా. ఈ దారం మీ పాదానికి తగిలినప్పుడల్లా ఆఁ అనండి."

అత్తగారు కళ్ళు మూసుకుంది. మేస్త్రి మంచం వెనక నిలబడి ఉన్నాడు. డాక్టరమ్మ కాలని చోట, మడమ మీద ఆనించింది. "ఆఁ." బొటనవేలి కింద ఆనించింది. కొంచెం ఆగి "ఆఁ." ఈసారి డాక్టరమ్మ దారాన్ని గాల్లోనే పట్టుకుని ఊరుకుంది.

"ఆఁ," అంది అత్తగారు.

మళ్ళీ ఊరుకుంది.

"ఆఁ. తగిలిందమ్మా."

డాక్టరమ్మ తలెత్తి మేస్త్రి వంక చూసింది. అతనికి ఎటు చూడాలో తెలియలేదు. దొంగతనం చేసి దొరికిపోయింది తనే అయినట్టు తల దించుకున్నాడు.

"నేను ముట్టుకోలేదమ్మా," అంది డాక్టరమ్మ మెల్లగా. "ఎన్నాళ్ళ నుంచి తెలియట్లేదు?"

ఆవిడ కళ్ళు తెరవలేదు. "మూడేళ్ళు దాటింది," అంది. "మొదట్లో చీమలు పాకినట్టుండేది. తర్వాత దూది మీద నడిచినట్టు. ఇప్పుడు అదీ లేదు."

చక్రాల కుర్చీలో బయటికి తీసుకొస్తుంటే వరండా మలుపు దగ్గర ఆవిడ చెయ్యెత్తి కుర్చీ ఆపించింది.

"బాబూ, అమ్మాయికి చెప్పకండి."

అతను కుర్చీ పిడి పట్టుకుని నిలబడ్డాడు.

"లాండ్రీలో మడతలు పెట్టే ఆవిడకి ఇలాగే కాళ్ళు మొద్దుబారితే, మర్నాటి నుంచి రావద్దన్నారు. అమ్మాయికి తెలిస్తే వాళ్ళదాకా ఎందుకు, ఇదే మాన్పించేస్తుంది. అల్లుడింట్లో కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుని తినే రాత నాకొద్దు."

ఎప్పుడూ ఆవిడ మాటకి ఎదురు చెప్పి ఎరగడు. "సరేనండి," అన్నాడు. ఆ మాట ఎంత బరువో అప్పుడు తెలియలేదు.

కబుర్లలో పడి వేడి పట్టించుకోలేదని అత్తగారు కూతురికి సర్దిచెప్పుకుంది. ఎడమ పాదం త్వరగానే తేరుకుంది. కుడి అరికాలు మాత్రం మొండికేసింది. వేళ్ళ మొదట్లో పెద్ద పుండు పడి, అంచులు గట్టిపడి, మధ్యలో పసుప్పచ్చటి పొర పేరుకుని అలాగే ఉండిపోయింది. అప్పుడు ఆస్పత్రి నర్సు కొత్తరకం పట్టీ తీసింది. అరచేతి వెడల్పున గాజులా అవతలికి కనిపిస్తూ, ముట్టుకుంటే చల్లగా, జున్నుముక్కలా వణుకుతూ ఉంది.

"దీన్ని హైడ్రోజెల్ అంటారు. ముప్పాతిక మువ్వీసం నీళ్ళే," అంది నర్సు. "పుండు సైజుకి కత్తిరించి పెట్టి, పైన గాజుగుడ్డ వేసి కట్టుకట్టాలి. లోపలి చచ్చిన పొర నాని తనంతట తను ఊడొస్తుంది. లాగక్కర్లేదు, గీకక్కర్లేదు."

అత్తగారికి నచ్చలేదు. "పుండు ఆరాలి గానీ నానడమేమిటి? తడి తగిలితే కుళ్ళదూ?"

"కొత్త చర్మం అంచుల నుంచి పాక్కుంటూ వస్తుందమ్మా. ఎండి బిరుసెక్కిన చోట పాకలేదు. కాస్త తడి ఉంటే జరుగుతూ వస్తుంది. అలాగని మరీ చిత్తడీ పనికిరాదు. చుట్టూ ఉన్న మంచి చర్మం మీదకి ఇది పోకూడదు. ముఖ్యం, ఆ కాలు నేలకి ఆనకూడదు." చిలక్కి చెప్పినట్టు చెప్పింది నర్సు. ఆవిడ తలూపింది, కానీ మొహం గోడవైపే ఉంది.

ఇంట్లో కట్టు మార్చడానికి మొదటిరోజు కూతురు కూర్చుంది. గాజుగుడ్డ విప్పి, పుండు చూసింది. కత్తెర కింద పడేసింది. లేచి బాత్రూంలోకి పరుగెత్తి వాంతి చేసుకుంది. మర్నాడూ అంతే. మూడోసారి కూర్చోబోతుంటే మేస్త్రి ఆమె చేతిలోంచి కత్తెర తీసుకున్నాడు.

"నాకివ్వు. కోతలు నా పనే కదా."

అత్తగారికి ప్రాణం పోయినంత పనైంది. పాదం దుప్పట్లోకి లాక్కుంది. "వద్దు బాబూ. అల్లుడిచేత కాళ్ళు పట్టించుకుంటోందని నలుగురూ నన్నాడిపోసుకుంటారు."

"నేను పట్టుకునేది కాలు కాదండీ, పుండు. అది ఎవరికీ అత్తగారు కాదు."

ఆవిడ నవ్వలేదు గానీ పాదం ఇచ్చింది. ఇచ్చి, దుప్పటి మొహమ్మీదకి లాక్కుంది. అలా కొన్ని వారాలు అతను పాదంతోనే మాట్లాడాడు. సెలైనుతో కడిగేవాడు. పుండు ఆకారాన్ని కాగితం మీద గీసుకుని, ఆ గీత వెంట జెల్ పట్టీని కత్తిరించేవాడు. దుకాణంలో గాజు కోసేటప్పుడు చేతికి ఎదురుతిరిగే బిరుసుతనం ఉంటుంది. దీనికి అదేమీ లేదు, కత్తెర కింద ఇట్టే లొంగిపోయేది. మెల్లమెల్లగా పసుప్పచ్చ పొర కరిగి, అడుగున ఎర్రటి కొత్త కండ కనిపించింది. "నీళ్ళ పట్టీ పనిచేస్తోందండీ," అన్నాడు ఒకరోజు. దుప్పటి లోంచి "ఊఁ" అని వినిపించింది.

అయితే ఆవిడ మనసులో పాత నమ్మకం పోలేదు. పగలు కూతురూ అల్లుడూ పనుల మీద వెళ్ళాక, కట్టు విప్పి, పాదాన్ని కిటికీలోంచి పడే ఎండకి పెట్టి, పైన ఒంటికి రాసుకునే పౌడరు చల్లుకునేది. సాయంత్రానికి అది తుడిచేసి, మళ్ళీ ఎప్పట్లా చుట్టేసేది. బాత్రూంకి కుంటకుండా ఆ కాలు మీదే బరువేసి నడిచేది. నొప్పి తెలిస్తే కదా, ఎవరైనా కుంటడానికి?

మేస్త్రి ఆ సంగతి కనిపెట్టేసరికి ఆలస్యమైంది. కట్టు విప్పితే జెల్ కింద తెల్లగా పౌడరు ఉండలు కట్టి ఉంది. చిటికెన వేలు నల్లబడుతోంది. వాసన వేసింది. జీవితంలో మొదటిసారి అత్తగారి మీద గొంతు పెంచాడు.

"ఎవరు చెప్పారండీ మీకు ఇది చల్లమని? ఇన్నాళ్ళ పనంతా బూడిదలో పోసిన పన్నీరు చేశారు కదా!"

ఆవిడ దుప్పటి తీసి అతని మొహంలోకి చూసింది.

ఆస్పత్రిలో చిటికెన వేలు తీసేశారు. చీము పట్టిన పుండు మీద ఆ పట్టీ పనికిరాదని, ముందు చీము తగ్గాలని, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కాలు దక్కుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమంది డాక్టరమ్మ.

ఇంటిదగ్గర మేస్త్రి భార్య పరిస్థితి మరీ దారుణం. "అంతా నా వల్లే. నా చేత్తో నేనే పోశాను, అదీ రెండుసార్లు," అనే మాట తప్ప ఆమె నోట ఇంకో మాట లేదు. తిండి ముట్టుకోవడం మానేసింది. మేస్త్రికి కక్కలేని మింగలేని స్థితి. ఒక్క మాట చెబితే చాలు: మీ అమ్మకి ఏళ్ళ నుంచీ పాదాలకి స్పర్శ లేదు, అయినా హాయిగా ఉందని చెప్పింది. ఆ మాటతో ఈమె గుండె మీది బండ సగం దిగుతుంది. కానీ మాటిచ్చాడు. ఆస్పత్రి మంచం మీద కాలుంటుందో పోతుందో తెలియకుండా పడున్న మనిషికిచ్చిన మాట. దుకాణంలో చేతులు ఆడక, ఒక నిలువెత్తు అద్దాన్ని రెండు ముక్కలు చేశాడు. పక్క కొట్టువాడు తొంగిచూసి "అత్త మీద కోపం అద్దం మీదా?" అన్నాడు, ఏమీ తెలియకుండానే. మేస్త్రికి నవ్వు రాలేదు.

ఒకరోజు ఇంట్లో గ్యాసు అయిపోయిందేమోనని చూశాడు. సిలిండరు బరువుగానే ఉంది. అప్పుడు అర్థమైంది. చాలా రోజుల నుంచి ఇంట్లో వేణ్ణీళ్ళు లేవు. టీ లేదు. చలిగాలిలో భార్య చన్నీళ్ళే పోసుకుంటోంది. ఆమె స్టవ్ మీద నీళ్ళ గిన్నె పెట్టడమే మానేసింది. కూరలూ రొట్టెలూ బయటి నుంచి తెస్తోంది. అడిగితే తీరిక లేదనేది.

మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్ళి అత్తగారి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మీకిచ్చిన మాట తప్పను. ఇంతవరకూ చెప్పలేదు. ఇకముందూ చెప్పను. కానీ మీ అమ్మాయి ఇంట్లో నీళ్ళు కాచడం మానేసిందండీ."

ఆవిడకి మొదట అర్థం కాలేదు. "అంటే?"

"వేణ్ణీళ్ళంటే భయపడుతోంది. చన్నీళ్ళు పోసుకుంటోంది. పొద్దున టీ కూడా పెట్టుకోవట్లేదు. తినట్లేదు. మీ కాలు తనే తీసేసినట్టు అనుకుంటోంది."

ఆవిడ కప్పు వంక చూసింది. పక్క మంచం ముసలావిడ రేడియోలో ఏదో గొణుగుతున్నట్టు వార్తలు వస్తున్నాయి.

"నాతో ఒక్కసారీ అనలేదే," అంది.

"మీరూ తనతో అనలేదు కదండీ."

ఆ మాట అన్నందుకు అతనే నాలిక్కరుచుకున్నాడు. ఆవిడ మాత్రం నొచ్చుకోలేదు. "అమ్మాయిని రమ్మనండి," అంది.

సాయంత్రం కూతురు వచ్చింది. మంచానికి దూరంగా, తలవైపు నిలబడింది. పాదాలవైపు రాదు.

"ఇటు రావే. ఆ ఎడమ కాలు గిచ్చు," అంది తల్లి.

"ఏమిటమ్మా ఇప్పుడు?"

"గిచ్చమన్నాను. గట్టిగా."

కూతురు భయం భయంగా మడమ దగ్గర గిల్లింది. తల్లి మొహంలో మార్పు లేదు. ఇంకా గట్టిగా గిల్లింది. గోరు దిగిన గుర్తు పడింది.

"గిచ్చావా?" అంది తల్లి.

కూతురు మొహం పాలిపోయింది.

"మీ నాన్న పోయిన ఏటి నుంచీ ఇంతే. నువ్వు పోసిన నీళ్ళు వేడో చల్లనో నాకు తెలియలేదు. నువ్వడిగితే హాయిగా ఉందన్నాను. అలా అనడం అలవాటైపోయింది. తప్పు నీ చేతిది కాదే, నా నోటిది."

కూతురు తల్లిని కౌగిలించుకుని ఏడుస్తుందని మేస్త్రి అనుకున్నాడు. ఏడవలేదు. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి.

"మూడేళ్ళు! మూడేళ్ళు నాకు చెప్పలేదా? రోజూ నీ పక్కనే కూర్చున్నాను, తలకి నూనె రాశాను, చెప్పలేదా? నేను ఎవర్ని నీకు?" గిర్రున మొగుడి వైపు తిరిగింది. "మీకు తెలుసా?"

అతను అబద్ధం చెప్పలేకపోయాడు. "తెలుసు."

"బాగుంది. అత్తా అల్లుళ్ళకి మాటలే లేవనుకున్నాను. రహస్యాలు కూడా ఉన్నాయన్నమాట."

విసవిసా వెళ్ళిపోయింది. మేస్త్రి ఇంటికి వెళ్ళేసరికి వంటింట్లో గిన్నెలు దడదడమంటున్నాయి. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. ఆమె అతనితో ఒక్క మాటా మాట్లాడలేదు. రెండు కంచాలు ఠంగుమని పెట్టి, తన కంచంలో నిండా పెట్టుకుని, కోపంగా, చివరి మెతుకు దాకా తినేసింది. అతను చూస్తూ కూర్చున్నాడు. ఎన్నో రోజుల తర్వాత అతనికీ ముద్ద దిగింది.

ఆ కోపం అంత తేలిగ్గా పోలేదు. తల్లితో పొడిపొడిగా మాట్లాడేది. కానీ రోజూ ఆస్పత్రికి వెళ్ళేది, మంచం కాళ్ళవైపే కూర్చునేది. చీము తగ్గింది. కాలు దక్కింది. నర్సు మళ్ళీ నీళ్ళ పట్టీ తీసినప్పుడు కూతురు "నేను చూస్తాను, చూపించండి" అంది. ఈసారి కత్తెర వదల్లేదు. ఇంటికొచ్చాక ఒకరోజు ఆమె, ఒకరోజు మేస్త్రి కట్టు మార్చేవాళ్ళు. అత్తగారు దుప్పటి కప్పుకోవడం మానేసింది. అల్లుడి వంతు రోజున లాండ్రీ కబుర్లన్నీ నేరుగా అతనికే చెప్పేది. పెదాల రంగు మరక యజమాని కథ చివరికి ఏమైందో మేస్త్రికి అప్పుడే తెలిసింది.

పుండు అంచులు లోపలికి పాకడం కంటికి కనిపించేది కాదు. కొన్ని వారాలు ఏమీ జరగనట్టే ఉండేది. ఇంతలో ఒకనాడు చూస్తే గులాబీరంగు చర్మం గోరంత ముందుకొచ్చి ఉండేది. షుగరు పెరిగిన వారం అది ఆగిపోయేది. ఎండాకాలం పోయి, మళ్ళీ వానలు వచ్చాక గానీ పుండు పూర్తిగా మూసుకోలేదు. మూసుకున్న చోట చర్మం పల్చగా, మెరుస్తూ ఉంది.

"ఇది ఎప్పటికీ పాత చర్మమంత గట్టిగా ఉండదమ్మా," అంది డాక్టరమ్మ. "చెప్పుల్లేకుండా అడుగేయొద్దు. రోజూ ఎవరో ఒకరు రెండు పాదాలూ చూడాలి. మీకు నొప్పి చెప్పదు కాబట్టి ఇంకొకరి కళ్ళు చెప్పాలి."

లాండ్రీవాళ్ళు ఆవిడని నిలబడే పనికి తీసుకోలేమన్నారు. ఇస్త్రీ పని పోయింది. దాని గురించి ఆవిడ ఎవరిముందూ ఏడవలేదు. మొదటి కొన్ని రోజులు లాండ్రీ వేళకే తయారై, జుట్టు దువ్వుకుని, ముందు గదిలో ఊరికే కూర్చునేది. మేస్త్రి అది చూసి ఓర్చుకోలేక, దుకాణంలో కుర్చీ వేసి గిరాకీలతో మాట్లాడే పని అప్పజెప్పాడు. అద్దం కొలతలు తప్పు తెచ్చేవాళ్ళని నవ్వుతూనే వెనక్కి పంపేది.

కూతురు మాత్రం ప్రతి ఉదయం టార్చిలైటు పట్టుకుని తల్లి పాదాల దగ్గర కూర్చునేది. వేళ్ళ సందులు, మడమలు, గోళ్ళ అంచులు, ఒక్కటీ వదిలేది కాదు. "పోలీసు సోదాలాగా ఏమిటే ఇది," అని తల్లి సణిగేది. "నువ్వు చెబుతావన్న నమ్మకం లేదు కాబట్టి," అనేది కూతురు. ఆ మాటలో వాడి మొదట్లో చాలా ఉండేది, తర్వాత తర్వాత తగ్గింది, పూర్తిగా ఏనాడూ పోలేదు.

మరో ఏడాదికి ఎడమ మడమ మీద సన్నటి పగులొకటి వచ్చింది. కూతురు టార్చి దాని మీద నిలిపి, వేలితో చుట్టూ నొక్కి చూసి, మొగుణ్ణి కేకేసింది.

"ఏమండీ, ఆ డబ్బాలో పట్టీ ఒకటి మిగిలుండాలి, పట్రండి. చెడిపోయిందేమో తారీఖు చూడండి."

అత్తగారు మెడ చాచి తనకి కనిపించని మడమ వైపు చూసుకుంది. "పెద్దదా?" అంది.

"చిన్నదే," అంది కూతురు. "కదలకు."